సొంత రాష్ట్రపు పల్టీ

"పక్క రాష్ట్రంల నేర్సుకున్న పల్టీ మన రాష్ట్రం పల్టీ కాదు" అని రాష్ట్ర బాలల జిమ్నాస్టిక్స్ సంఘం అధ్యక్షులు ఎల్లేష్ గారు హుస్సేనీ ఆలంలోని ఫంక్షన్ హాల్లో ప్రకటించగానే మొట్టమొదట చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. నేను ఆ సంఘానికి కోశాధికారిని. విలేకరులకు సమోసాలు తెప్పించింది నేను. అంత ఖర్చు పెట్టాక చప్పట్లు మొదలుపెట్టే అవకాశం ఇంకొకరికి వదిలేయడం నష్టమనిపించింది.

ఎల్లేష్ గారు దూరదృష్టి గల నాయకులు. ఇప్పటికి నాలుగు పార్టీలలో శిక్షణ పొందారు. ఆ అనుభవంతో ఆయన కొత్త విధానాన్ని ఇలా వివరించారు.

"పిల్ల గాలిలకు లేస్తది. ఏ నేల మీదికెల్లి లేసింది? మన నేల. మళ్ల ఏడ దిగింది? మన నేల మీద. రెండు దిక్కుల మనదే ఉండాలె. నడుమల పక్క రాష్ట్రం రావద్దు."

"నడుమల ఉండేది గాలి గదన్నా?" అని ఒక విలేకరి అడిగాడు.

"గాలి సెంటర్ పరిధిలున్నది. లెటర్ రాసినం."

విధానం ఏమిటంటే, రాష్ట్ర పోటీలకు రావాలనుకునే పిల్లలు గడిచిన ఏడాదిలో నూట ఎనభై రోజులు రాష్ట్రంలోని గుర్తింపు పొందిన హాలులో శిక్షణ తీసుకుని ఉండాలి. గుర్తింపు పొందిన హాలు ఒకటే ఉంది. యాకుత్‌పురా స్టేషన్ వెనక, మా సంఘానిది. దాని తలుపు మీద మూడేళ్ళుగా 'మరమ్మతులు జరుగుచున్నవి' అని బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు నేను రాయించిందే. లోపల ఉన్నవి నా బస్తాలు.

నాది పశువుల దాణా వ్యాపారం. పత్తిచెక్క, తవుడు, కందిపొట్టు. పేరు జగన్నాథం. అరవై ఒక్క ఏళ్ళు, తొంభై నాలుగు కిలోలు. నా కాలి వేళ్ళు నాకు కనిపించక పుష్కరం దాటింది. ఇలాంటివాడు జిమ్నాస్టిక్స్ సంఘంలోకి ఎలా వచ్చాడని పాఠకులు అడగవచ్చు. ఒకప్పుడు హాలులో పరుపులు చిరిగిపోయాయి. పిల్లలు దూకితే దెబ్బలు తగులుతున్నాయని ఎల్లేష్ గారు నన్ను పన్నెండు గోనెసంచుల ఊక అడిగారు. ఇచ్చాను. కోశాధికారినయ్యాను. ఆ ఏడు వానలకు నా గోడౌన్ కారింది. పది బస్తాలు పది రోజులు హాలులో పెట్టుకుంటానన్నాను. ఇప్పుడు నాలుగు వందల బస్తాలున్నాయి. పది రోజులు ఇంకా కాలేదు.

హాలులో బీమ్ అని ఒక పరికరం ఉంటుంది. పొడవాటి చెక్క. దాని మీద పిల్లలు నడుస్తారు, ఎగురుతారు. వెడల్పు నాలుగు వేళ్ళు మించదు. బస్తా దాని మీద నిలవదు. రెండుసార్లు ప్రయత్నించి చూశాను కనుక ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చివరికి బస్తాలను అటూ ఇటూ పేర్చి బీమ్‌ను మధ్యలో ఆసరాగా వాడుకున్నాను.

ప్రకటన పత్రికల్లో వచ్చిన రోజే బాలనర్సింహ, అతని భార్య లలితమ్మ నా దుకాణానికి వచ్చారు. బాలనర్సింహకు పదకొండు గేదెలు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే దాణా కొంటాడు. వాళ్ళ వెనక వాళ్ళ కూతురు స్వీటీ నిలబడింది. బడిలో పేరు కీర్తిప్రియ. పదకొండేళ్ళు.

"సేట్, నువ్వు సంఘంల ఉన్నవ్ గదా. గీ రూలేంది?" అన్నాడు బాలనర్సింహ.

"మంచి రూలే. బయటోళ్ళు రాకుండ."

"బయటోళ్ళంటే ఎవరు?"

"బయట నేర్సుకున్నోళ్ళు."

"అంటే మా స్వీటీనా?" అంది లలితమ్మ.

స్వీటీ రెండేళ్ళుగా షోలాపూర్‌లో పిన్ని ఇంట్లో ఉండి జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. అక్కడ హాలు ఉంది. హాలులో బస్తాలు లేవు. నెలకోసారి రైల్లో ఇంటికి వస్తుంది. పోయిన ఏడు రాష్ట్ర పోటీల్లో రెండో స్థానం వచ్చింది. ఈ ఏడు మొదటి స్థానం వస్తే జాతీయ పోటీలకు వెళ్తుంది. జనవరిలో పన్నెండు నిండుతాయి. నిండితే ఈ విభాగం దాటిపోతుంది. ఆ పిల్లకు మిగిలింది ఈ ఒక్క పోటీ.

"రెండేండ్లు బిడ్డను దూరం పెట్టుకున్న సేట్" అంది లలితమ్మ. "దాని జడ నేనెయ్యక రెండేండ్లు. గీడ హాల్ తెరిచుంటే గాడికెందుకు పంపుత?"

ఆ సమయానికి నేను తవుడు తూకం చూస్తున్నాను. తూకం చూసేటప్పుడు మనిషి ముఖం చూడక్కర్లేదు. మా వ్యాపారంలో ఉన్న సౌకర్యాల్లో ఇదొకటి.

తల్లిదండ్రులు బస్తా ఆటో ఎక్కిస్తుంటే స్వీటీ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "తాతా, నేను హాల్ కిటికీలకెల్లి చూసిన. బస్తాల నడుమ బీమ్ కొస కనిపిస్తుంది."

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు తాతా. నీయేనా అవి?"

నేను ఆ పిల్ల చేతిలో రెండు చాక్లెట్లు పెట్టాను. ఒకటి తిరిగి ఇచ్చేసింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు వాళ్ళను ఎల్లేష్ గారి దగ్గరికి తీసుకుపోదామనుకుంటుంటే, ఆయనే బాలనర్సింహ ఇంటికి వచ్చారు. కారణం పిల్ల కాదు, దున్న. దీపావళి పోయి మా బస్తీలో సదర్ ఉత్సవం దగ్గరపడింది. దున్నలను గవ్వలతో, పూలతో అలంకరించి, డప్పులతో ఊరేగించే పండుగ. ఆ ఏడు ఎల్లేష్ గారి స్టేజీ ముందు నిలబెట్టడానికి బాలనర్సింహ హర్యానా నుంచి లారీలో సర్తాజ్ అనే దున్నను తెప్పించాడు. అది వచ్చి ఎనిమిది రోజులైంది. డప్పు కొడితే రెండు కాళ్ళ మీద లేచి నిలబడుతుంది.

ఎల్లేష్ గారు దానికి దండ వేసి, ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి, "మన పాతబస్తీ గడ్డ మీద పుట్టిన మన దున్న! రాయండ్రి" అన్నారు.

లలితమ్మ చేతిలోని పాల గిన్నె కింద పెట్టింది. "అన్నా, గిది హర్యానాల పుట్టింది. రెండు కాళ్ళ మీద లేసుడు గాడనే నేర్పిండ్రు. గిది మనదెట్లయింది, నా బిడ్డ మనది ఎట్ల కాలే?"

"అక్కా, దున్నకు జగన్నాథం సేట్ చిట్టీ రాసిచ్చిండు."

అది నిజమే. మా బస్తీ సదర్ కమిటీలో ఒక ఆచారం ఉంది. బయటి దున్న మూడు పూటలు నా దుకాణం దాణా తింటే నేను చిట్టీ రాసిస్తాను. అప్పటి నుంచి అది బస్తీ దున్న. ఆ చిట్టీ కోసం చుట్టుపక్కల వాళ్ళందరూ దాణా నా దగ్గరే కొంటారు. ఈ ఆచారం చాలా ప్రాచీనమైనది. ఆరేళ్ళ కింద నేనే పెట్టాను.

"అయితే నా బిడ్డకు గూడ చిట్టీ రాయుమనుండ్రి" అంది లలితమ్మ. "పిల్ల పోటీకి పోకుంటే దున్న మీ స్టేజీకి రాదు."

ఎల్లేష్ గారు దున్నను చూశారు, ఫోటోగ్రాఫర్‌ను చూశారు, నన్ను చూశారు. "రాయి సేట్. మనదేం పోతది? పిల్ల మన ఆడబిడ్డ. ఫికర్ చేయకక్కా, కమిటీకి నేను చెప్త."

అక్కడే చిట్టీ రాశాను. 'చిరంజీవి కీర్తిప్రియ మా బస్తీ గేదె పాలు తాగి పెరిగినది. ఆ గేదె మా దుకాణం దాణా తిని పెరిగినది. కనుక సదరు పిల్ల పూర్తిగా స్థానికురాలు.' రాసి చదివి వినిపిస్తే బాలనర్సింహ కళ్ళు తుడుచుకున్నాడు. నేను రాసిన చిట్టీలలో నిజం ఉన్నది అదొక్కటే.

సదర్ ఘనంగా జరిగింది. సర్తాజ్ రెండు కాళ్ళ మీద లేచింది. ఎల్లేష్ గారు దాని పక్కన రెండు కాళ్ళ మీద నిలబడి ఫోటో దిగారు.

తరువాతి వారం అర్హతల కమిటీ కూర్చుంది. సంఘం ఆఫీసు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైన ఉంటుంది. కమిటీ అంటే శ్రీపాద గారు ఒక్కరే. ముప్ఫై రెండేళ్ళు సర్కారు కొలువులో ఫైళ్ళు చూసి రిటైరైన మనిషి. లంచం తీసుకోరు, టీ తాగరు, నవ్వరు. ఇలాంటివారు సంఘానికి గౌరవం తెస్తారని ఎల్లేష్ గారు పెట్టారు. పెట్టిన తరువాత ఆ దారికి రావడం మానేశారు.

స్వీటీ తల్లిదండ్రుల మధ్య కూర్చుంది. శ్రీపాద గారు నా చిట్టీని రెండుసార్లు చదివారు.

"ఇందులో పాలు తాగినట్టు ఉంది. శిక్షణ పొందినట్టు లేదు" అన్నారు.

"సార్, పాలే గద సార్ బలం!" అన్నాడు బాలనర్సింహ.

"బలం వైద్య కమిటీ పరిధి. నాది స్థలం." ఆయన చిట్టీ పక్కన పెట్టారు. లలితమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు ఆయన నిబంధనల పుస్తకం తిప్పి, "అయితే ఒక మార్గం ఉంది. పదకొండో నిబంధన. నేనే రాశాను. రాష్ట్రంలోని గుర్తింపు పొందిన హాలు పనిచేయని పక్షంలో, పొరుగు రాష్ట్రంలో పొందిన శిక్షణను అంగీకరించవచ్చు. హాలు మీద మరమ్మతుల బోర్డు ఉందని విన్నాను" అని నా వైపు తిరిగారు. "కోశాధికారి గారూ, హాలు పనిచేస్తోందా?"

కింద గాజుల దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు. స్వీటీ నన్ను చూస్తోంది.

నేను లెక్క వేశాను. లేదు అంటే పిల్ల పోటీకి వెళ్తుంది. లేదు అంటే, ఎందుకు లేదు అంటారు. తలుపు తీయమంటారు. నాలుగు వందల బస్తాలు రోడ్డు మీదికి వస్తాయి. ఉంది అంటే ఎవరి బస్తా ఎక్కడిదక్కడ ఉంటుంది. వ్యాపారంలో ఇలాంటి లెక్క తేలడానికి నాకు అరనిమిషం పడుతుంది. ఆ రోజు అంత కూడా పట్టలేదు.

"పని చేస్తున్నది సార్. రోజు తెరుస్తం."

స్వీటీ తల వంచి తన గోళ్ళు చూసుకుంది. "మూడేండ్ల సంది తాళమే ఉన్నది సార్!" అంది లలితమ్మ.

"ఆధారం?" అని శ్రీపాద గారు నన్ను అడిగారు.

"రిజిస్టర్ ఉన్నది సార్." అడిగితే కాగితం చూపించడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. హాలు తాళం తీసినవాళ్ళు హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము రాయాలని నేనే నియమం పెట్టాను. బస్తాలో ఎలుకలు తిన్నదెంత, మనుషులు తీసిందెంత విడిగా తెలియాలి కదా. ఆటోలో పెట్టుకుని తిరిగే ఆ పుస్తకాన్ని గర్వంగా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

శ్రీపాద గారు ఒక్కొక్క పేజీ తిప్పారు. అరగంట తిప్పారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"ఇది?"

"అది గూడ నాదే."

"మూడు వందల నాలుగు రోజులు. రోజుకు సగటున నలభై నిమిషాలు. ఇంకెవరి సంతకమూ లేదు. లోపల మీరు ఏం చేస్తారు?"

బస్తాలన్న మాట నోటి దాకా వచ్చింది. మింగాను. "వంగుత సార్. లేస్త. ఎత్తుత, దించుత."

"బాగుంది" అని ఆయన రాసుకున్నారు. "ముప్ఫై ఎనిమిది దరఖాస్తులు పరిశీలించాను. పిల్లలందరూ బయటి రాష్ట్రాల్లోనో, గుర్తింపు లేని చోటనో నేర్చుకున్నారు. నూట ఎనభై రోజుల నిబంధన పూర్తి చేసినవారు రాష్ట్రం మొత్తం మీద ఒక్కరే. అభినందనలు, జగన్నాథం గారూ."

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. "సార్, నాకు అరవై ఒకటి!"

"వయసు టెక్నికల్ కమిటీ చూస్తుంది."

"అది ఏడున్నది సార్?"

"ఇంకా వేయలేదు."

"నేను దరఖాస్తు గూడ పెట్టలే."

"హాజరు పుస్తకం మీరే స్వయంగా సమర్పించారు. దరఖాస్తుకు జతపరచాల్సింది అదే. మిగతాది నేను పూర్తి చేస్తాను. తండ్రి పేరు చెప్పండి."

లలితమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "మంచిది సేట్" అంది. "మా బిడ్డ జాగల నువ్వు ఎగురు." పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నేను పోటీకి రానని ఎల్లేష్ గారికి ఫోన్ చేశాను.

"నువ్వు రాకుంటే పోటీ లేదు" అన్నారాయన. "పోటీ లేకుంటే ఢిల్లీకెల్లి ఇన్‌స్పెక్షన్ వస్తది. ఇన్‌స్పెక్షన్ వస్తే హాల్ తలుపు తెరవాలె. తెరిస్తే ఏమున్నది సేట్ లోపల?"

"ఎగురుత అన్నా" అన్నాను.

ఇంట్లో చెబితే నా భార్య లక్ష్మీకాంతమ్మ చాలా సేపు నన్ను కింది నుంచి పైకి చూసింది. "నీ కాలి గోళ్ళు నేను తీస్తున్న. నువ్వు పల్టీ కొడ్తవా? కొట్టు. అంబులెన్స్ నంబర్ ఏడ రాసిపెట్టినవో చెప్పి పో" అంది.

పోటీకి మూడు రోజుల ముందు మధ్యాహ్నం నేను హాలులో బస్తాలు లెక్కపెడుతుంటే తలుపు దగ్గర స్వీటీ కనిపించింది.

"తాతా, నీకు ఫార్వర్డ్ రోల్ వస్తదా?"

"రాదు బిడ్డా."

"రాకుండ చేస్తే మెడ పట్టుకుంటది. రా, చెప్త."

తలుపు దగ్గర రెండు బస్తాల వెడల్పు జాగా ఉంది. అక్కడ గోనెలు పరిచింది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు నేల మీద పెట్టాలి, వీపు గుండ్రంగా చేయాలి. ఒక్కొక్కటి చేసి చూపించింది. ఆ పిల్ల దొర్లితే చప్పుడు లేదు. నేను దొర్లితే పైవరసలో ఒక బస్తా జారి పడింది. మధ్యలో విరామం అడిగాను. ఆ పదినిమిషాలు స్వీటీ బస్తాల మధ్య నుంచి బయటికి వచ్చిన బీమ్ కొస మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. దుమ్ము తుడిచింది. ఎక్కడానికి జాగా లేదు.

"నా మీద కోపం లేదా?" అని అడిగాను.

"ఉన్నది" అంది. "గడ్డం లోపలికి పెట్టు తాతా. మళ్ల చెయ్యి."

పోటీ రోజు పెద్ద ఇండోర్ స్టేడియంలో మంత్రిగారు జ్యోతి వెలిగించారు. బాలురు, బాలికలు అని విడదీస్తే విభాగానికి అరమనిషే వస్తాడని రెండు విభాగాలూ కలిపేశారు. జడ్జీలు ఐదుగురు. క్రీడాకారుడు ఒకడు. గ్యాలరీలో అర్హత లేని ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చున్నారు. మైకులో 'సబ్ జూనియర్ విభాగం, పన్నెండేళ్ళ లోపు, జగన్నాథం' అని పిలిచారు. తెల్ల బనియన్, పైజామా వేసుకుని మ్యాట్ మీదికి వెళ్ళాను. గడ్డం ఛాతీకి ఆనించాను. దొర్లాను. లేచేటప్పుడు ఇద్దరు జడ్జీలు వచ్చి చెయ్యి ఇచ్చారు. పదికి ఒకటిన్నర మార్కులు వచ్చాయి. రాష్ట్ర రికార్డు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఈ పద్ధతిలో ఇదే మొదటి పోటీ కనుక అదే రికార్డు అయి ఉంటుంది.

గ్యాలరీలో ఎవరో నవ్వారు. వెంటనే స్వీటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తక్కిన పిల్లలు కూడా కొట్టారు. ఇరవై ఏళ్ళుగా చప్పట్లు కొడుతున్నాను, అవి ఎంత బరువుంటాయో ఆ రోజు తెలిసింది.

మంత్రిగారు బంగారు పతకం నా మెడలో వేశారు. ఎల్లేష్ గారు మైకు అందుకున్నారు. "సొంత నేల, సొంత హాల్, సొంత శిక్షణ! ఫలితం మీ ముంగట ఉన్నది!" అన్నారు. ఫలితం నడుం పట్టుకుని నిలబడింది.

"మీ కోచ్ ఎవరు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

గ్యాలరీ వైపు చూశాను. స్వీటీ జుట్టును లలితమ్మ మూడు పాయలు తీసి జడ వేస్తోంది. తల ఎత్తలేదు. ఎల్లేష్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"అధ్యక్షులే" అన్నాను.

మర్నాడు ఎల్లేష్ గారు తానే నా దుకాణానికి వచ్చారు. "సేట్, వచ్చే నెల నేషనల్స్. ఆ ఒక్క దొర్లుడుతోని ఇజ్జత్ పోతది. బీమ్ గూడ ఎక్కాలెనంట. జర ఏడికన్న పోయి మంచిగ నేర్సుకో."

"ఏడికన్ననా? రూల్?"

"రూల్ ఎంట్రీ దాకనే. ఎంట్రీ అయింది గద. ఇప్పుడు ఏడ నేర్సుకుంటే ఏంది?"

సాయంత్రం బాలనర్సింహ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో స్వీటీ బ్యాగు సర్దుకుంటోంది. నేను అడగాల్సింది ఎలా అడగాలో తెలియక కాసేపు గేదెలను చూశాను. లలితమ్మ కుర్చీ వేయలేదు.

"మీ హాల్ల పెద్దోళ్ళను రానిస్తరా బిడ్డా?" అన్నాను చివరికి.

"సార్‌ను అడుగుత తాతా. మా సార్ మంచోడు" అంది స్వీటీ. "నాతోని రా. రేపే పోతున్న."

నాంపల్లి స్టేషన్ కౌంటర్‌లో ఫారం తీసుకున్నాను. ఎక్కడికి అన్న చోట షోలాపూర్ అని రాశాను. వయసు అన్న చోట అరవై ఒకటి అని రాశాను. సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ బెర్తు అడిగాను.